టై బాబు చావు పాఠాలు

"టై బాబు పోయేడండి బాబూ" అని నూకరాజు వచ్చి నా కొట్టు ముందు నిలబడి చెప్పినప్పుడు నేను చేతిలో స్పానరు కింద పెట్టలేదు. "ఎవరు చూశారు?" అన్నాను.

చావు కబురు తెచ్చిన మనిషిని అలా అడక్కూడదు. తెలుసు. కానీ ఆయన చచ్చిపోయాడంటే వెంటనే నమ్మే అలవాటు నాకు లేదు. చోడవరం బస్టాండు పక్కన, నా సైకిలు షాపు ముందు, పట్టపగలు, పదిమంది చూస్తుండగా ఆ మనిషి ఎన్నోసార్లు చచ్చిపోయాడు. చచ్చిపోయిన ప్రతిసారీ కళ్ళు మూసుకునే తన చావుకి బాధ్యులెవరో వరసగా చెప్పేవాడు. చెప్పి, లేచి, ప్యాంటు దులుపుకుని, పక్కనే ఉన్న పైడమ్మ బడ్డీలో టీ అడిగేవాడు.

"నానే సూసేనండి. దగ్గరుండి సూసేను" అన్నాడు నూకరాజు.

అప్పుడు స్పానరు కింద పెట్టాను.

ఆయన పేరు నేనిక్కడ రాయను. పేరు రాస్తే ఈ ఊళ్ళో చాలామందికి ఆయన చేసిన పని గుర్తురాదు, వాడిన మత్తు గుర్తొస్తుంది. మా ఊరి జ్ఞాపకశక్తి అలాంటిది. మనిషిలో ఏది పుచ్చిందో అదే దాచుకుంటుంది. అందరూ టై బాబనేవారు, నాకూ అదే చాలు.

తొంభైల్లో మాట. చెరుకు క్రషింగ్ సీజను మొదలైతే గోవాడ ఫ్యాక్టరీకి వెళ్ళే దారంతా చెరుకు బళ్ళు, లారీలు. ఎక్కడిదక్కడ లైను. ఎద్దులు నెమరేసుకుంటూ, మనుషులు బళ్ళ కింద పడుకుంటూ, వంతు వచ్చేదాకా కాపలా. చలి, వెన్నునొప్పి, విసుగు. ఆ విసుగులోకే మొదట నొప్పి ఇంజెక్షన్లు వచ్చాయి. "ఒక్కటి పొడిపించుకో మావా, నడుం నీదో కాదో తెలీదు" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. తర్వాత విశాఖపట్నం నుంచి పొట్లాల్లో పొడి వచ్చింది. పంచదార ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళోకి బ్రౌన్ షుగరు వచ్చిందని ఎవరో పెద్దమనిషి జోకు కూడా వేశాడు. జోకులకేం, మా పెద్దమనుషులు ఎప్పుడూ ముందే. పేపర్లో మాత్రం "మత్తులో జోగుతున్న యువత" అని రాశారు. యువత ఏమిటి? నూకరాజుకి అప్పటికే ఇద్దరు పిల్లలు. బండి బోల్తాపడి నడుం విరిగిన మనిషి. లేచి నిలబడ్డం కోసం పొడిపించుకున్నాడు, ఆ తర్వాత మానలేక పొడిపించుకున్నాడు. నేను బళ్ళో చదువుకోలేదు, లైబ్రరీలో చదువుకున్నాను. అయినా నడుం విరిగినవాడికీ, జోగేవాడికీ తేడా నాకు తెలుసు. రాసేవాళ్ళకి తెలియలేదు.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం, ముదురు ఎరుపు టై కట్టుకుని, తోలుసంచి పట్టుకున్న మనిషి నా కొట్టు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. కాళ్ళకి మాత్రం హవాయి చెప్పులు.

"మే ఐ కమిన్, సార్?" అన్నాడు.

నా కొట్టుకి తలుపు లేదు. గోడ కూడా ఒకటే. నాలుగు రాటలు, పైన రేకు. "ఎక్కడికి కమిను? నువ్వున్నదీ బయటే, నేనున్నదీ బయటే" అన్నాను.

ఆయన నవ్వలేదు. నేను "రావయ్యా" అనేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత తెలిసింది, ఒకప్పుడు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా చేశాడని. డాక్టర్ల గదుల బయట నిలబడి నిలబడి, ఎక్కడైనా పిలిచేదాకా లోపలికి అడుగుపెట్టడం ఆయన కాళ్ళకి రాదు. ఉద్యోగం పోయింది. ఎందుకు పోయిందో ఆయన మోచేతి మడతల్లో రాసే ఉండేది. ఆ మచ్చలు కనపడకుండా ఎంత ఎండలోనైనా పొడుగు చేతుల చొక్కా వేసేవాడు.

ఆయన అడిగింది ఒక పాత ట్యూబు, గాలి కొట్టే పంపు, కొట్టు వెనక ఖాళీగా ఉన్న షెడ్డు. మధ్యాహ్నం బేరాలు లేని వేళ మాత్రమే.

"దేనికి?"

"చిన్న ట్రైనింగ్ ప్రోగ్రామ్, సార్."

ఎవరికో చెప్పలేదు. నేను పంపు ఇచ్చాను. ఇచ్చింది మంచితనంతో కాదు. ఆ టైకీ ఆ ట్యూబుకీ సంబంధం ఏమిటో తెలుసుకోకపోతే ఆ రాత్రి నాకు నిద్రపట్టదు.

షెడ్డులోకి వచ్చినవాళ్ళని చూస్తే మతిపోయింది. లారీ తోలే సింహాచలం, బండి నూకరాజు, ఇంకో నలుగురైదుగురు. అందరూ ఆ పొడుపుల బాపతే. సింహాచలం టీ బడ్డీ పైడమ్మకి స్వయానా తమ్ముడు. వాడు గడప తొక్కగానే ఆవిడ "ఏట్రా, అడుక్కోడానికి కొత్త బాబు దొరికేడేటి?" అని ఇటునుంచే కేకేసింది.

టై బాబు సంచిలోంచి మెరిసే కాగితాల ఫోల్డరు తీశాడు. దాన్లో ఊపిరితిత్తుల బొమ్మ. కంపెనీ వదిలినా ఫోల్డరు వదల్లేదు. గొంతు సవరించుకుని, చేతులు కట్టుకున్న సింహాచలం వైపు కొంచెం వంగి, "గుడాఫ్టర్‌నూన్, డాక్టర్ గారూ. మీ విలువైన సమయంలో రెండు నిమిషాలు" అన్నాడు.

"ఏటండీ బాబూ, ఎటకారమా? నాను డాక్టరేటి?"

"వెటకారం కాదు, డాక్టర్ గారూ. నాకు ఇంకోలా చెప్పడం రాదు."

నిజంగానే రాదు. ఆయన ఎవరికి ఏది నేర్పాలన్నా అవతలివాడు డాక్టరు కావాల్సిందే. చిల్లుల బనీనువాడైనా, నాలుగు రోజులు స్నానం లేనివాడైనా, "డాక్టర్ గారూ". మొదట్లో వాళ్ళు పడీపడీ నవ్వారు. తర్వాత్తర్వాత నేనొకటి గమనించాను. ఆ మాట విన్నప్పుడల్లా వాళ్ళు కొంచెం నిటారుగా కూర్చునేవారు. నూకరాజైతే చొక్కా బొత్తాం పెట్టుకునేవాడు.

పాఠం ఇది. మత్తు ఎక్కువైనవాడు చచ్చేది విషంతో కాదు, ఊపిరి తీసుకోవడం మరిచిపోయి. పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతాయి. కంటిపాప ఆవగింజంత అయిపోతుంది. తేడాగా, గొంతులో నీళ్ళు ఉడుకుతున్నట్టు గురక వస్తుంది. "గురక పెడుతున్నాడు, హాయిగా నిద్రపోతున్నాడులే అని వదిలేస్తాం, డాక్టర్ గారూ. అది నిద్ర కాదు. పిలవండి, గిల్లండి. పలక్కపోతే తల వెనక్కి వంచండి, ముక్కు మూయండి, నోట్లో నోరు పెట్టి ఊదండి." ఇక్కడికి నా ట్యూబు వచ్చేది. దాని మీద చొక్కా పరిచి, పంపుతో ఒక్క దెబ్బ కొట్టి, "చూడండి, రొమ్ము లేచిందా? లేవాలి. లేవకపోతే మీ ఊపిరి పక్కనుంచి పోయినట్టే" అనేవాడు. తర్వాత మందు. నలాక్సోన్ అని చిన్న గాజు యాంపుల్. దాని మెడ విరిచి, మందు సిరంజిలోకి లాగి, తొడ కండలో గుడ్డ మీంచే పొడిచెయ్యాలి. తొడకి బదులు అరటిబోద. దానికి ఒక పాత ప్యాంటు కాలు తొడిగి తెచ్చేవాడు. కాస్సేపు చూడాలి. లేవకపోతే ఇంకొకటి. లేచినా వదలకూడదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఎందుకంటే, "ఈ మందు చుట్టంలాంటిది, డాక్టర్ గారూ, పని చూసుకుని వెళ్ళిపోతుంది. విషం అద్దెకున్నవాడు, ఖాళీ చెయ్యడు."

ఇంకోమాట మరీమరీ చెప్పేవాడు. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ ముట్టుకున్నవాడికి పాత మోతాదే ప్రాణం తీస్తుందని. "మానేశాం కదా అని ధీమా వద్దు. మానేసినవాడే ముందు పోతాడు."

నేర్చుకున్నవాడికి బహుమానం ఒక బాల్‌పెన్ను. పాత కంపెనీ పేరు చెరిగిపోయిన పెన్ను. సింహాచలానికి మొదటి రోజే వచ్చేసింది. ఫోల్డరు మొత్తం అప్పజెప్పేసేవాడు. నూకరాజుకి ఎన్నాళ్ళకీ రాలేదు. ఊపిరి ముందా, సూది ముందా అంటే బిక్కమొహం వేసేవాడు. సగం పాఠంలో కునికేవాడు. "డాక్టర్ గారికి రాత్రి డ్యూటీ ఎక్కువైనట్టుంది" అని టై బాబు పాఠం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అదీ నాకు వింతే. నేనైతే అరటిబోదతో ఒకటిచ్చేవాణ్ణి.

ఆ మందు దొరకడం ఒక ప్రహసనం. మత్తిచ్చే ఇంజెక్షన్లు కొన్ని షాపుల్లో చీటీ లేకుండానే ఇచ్చేవారు. అడిగినన్ని. ఆ మత్తు విరిచే మందు అడిగితే మాత్రం "డాక్టరు చీటీ ఏదీ?" అని కళ్ళజోడు సర్దుకునేవారు. చావడానికి చీటీ అక్కర్లేదు, బతకడానికి కావాలి! ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. ఆఖరికి విశాఖలో ఆయనకి పాత పరిచయమున్న, ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరు ఒకాయన, ముసలాయన, గడువు దగ్గరపడిన యాంపుళ్ళు ఇచ్చేవాడు. అవి తెచ్చుకోవడానికి టై బాబు నెలకో రెండుసార్లు బస్సెక్కేవాడు.

ఊరు ఊరుకుంటుందా? "మందుందని ధైర్యం చెప్పి వాళ్ళచేత ఇంకా తాగిస్తన్నాడు" అన్నారు. ఆ మాట నేనే ఆయన్ని సూటిగా అడిగాను. ఆయన నా కొట్టులో వేలాడుతున్న బ్రేకు రబ్బర్ల దండ చూపించాడు.

"సార్, మీరు సైకిలుకి బ్రేకు వేస్తారు. బ్రేకు ఉంది కదా అని ఎవడైనా లారీ కిందకి తొక్కుతాడా?"

అయినా ఊరు ఆ ప్రశ్న వెయ్యడం మాన్లేదు.

"మరి నీకెందుకయ్యా ఇదంతా?" అని కూడా అడిగాను. ఆ రోజు "సేల్స్ టార్గెట్, సార్" అని పళ్ళికిలించాడు. ఇంకో రోజు అడిగితే వేరే జవాబు చెప్పాడు.

"నా కోసమే. ఈ మందుకి ఒక గుణం ఉంది, సార్. ఎవడికి వాడు పొడుచుకోలేడు. పడిపోయినవాడికి చెయ్యెక్కడిది? పక్కన ఇంకో మనిషి ఉండాలి. రేపు నేను పడితే లేపడానికి నాకు చేతులు కావాలి. తయారుచేసుకుంటున్నాను."

"నువ్వు మానేశావుగా?"

"మానేశాను" అన్నాడు చొక్కా చేతులు కిందకి లాక్కుంటూ.

రెండు జవాబుల్లో ఏది నిజమో తేల్చుకోలేకపోయాను. రెండోది నిజంలా వినిపించింది కానీ, చెప్పినప్పుడు ఆయన చూపు ట్యూబు మీద లేదు, సింహాచలం మీదా లేదు. నా గుంజకి మేకు మీద వేలాడుతున్న తాళాల గుత్తి మీద ఉంది.

చావులు మొదలైంది ఆ తర్వాతే.

చెప్పా పెట్టకుండా పడిపోయేవాడు. పైడమ్మ దగ్గర టీ తాగుతూనో, నాతో మాట్లాడుతూనో, ఉన్నట్టుండి టైని కండువాలా ఎడమ భుజం మీదకి విసురుకుని, మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగిపోయేవాడు. ఉన్న ఒక్క టై మట్టి కాకూడదని ఆ జాగ్రత్త. శిష్యులకిది పరీక్ష. పరీక్షలో శిష్యులేం చేసేవారు? అందరూ ఒక్కలాగే చేసేవారు. "తాళాలు! తాళాలు తెండ్రా!" అని నా కొట్టులోకి పరిగెత్తేవారు.

మా వైపు అంతే. మనిషి కళ్ళు తేలేసి పడిపోతే ఇనుము పట్టించాలి. మూర్ఛ కానీ, సొమ్మసిల్లడం కానీ, తాళాల గుత్తి చేతిలో పెట్టి గుప్పిట మూస్తే మనిషి తిరిగొస్తాడని మా అమ్మలు నేర్పారు, వాళ్ళకి వాళ్ళ అమ్మలు నేర్పారు. ఫోల్డరు మొత్తం అప్పజెప్పే సింహాచలం కూడా, ఆయన పడగానే ముందు నా గుత్తికే ఎగబడ్డాడు.

చేతిలో తాళాలతో, కళ్ళు మూసుకునే టై బాబు అనేవాడు: "డాక్టర్ గారూ, నేను చచ్చిపోయాను. గుత్తి బాగుంది. ఊపిరి ఎవరు ఊదలేదు? మందు ఎవరు తేలేదు? సింహాచలం డాక్టర్ గారూ, నా చావుకి మీరు బాధ్యులు. నూకరాజు డాక్టర్ గారూ, మీరూనూ."

పైడమ్మ గ్లాసులు కడుగుతూ, "సచ్చినోడివి ఇన్ని మాటలేటి బాబూ? మా ఆయన బతికుండగా ఇన్ని మాటాడ్నేదు" అనేది. బస్సు కోసం నిలబడ్డ జనం నవ్వేవారు.

ఎన్నిసార్లు చచ్చినా గుత్తే చేతికొచ్చింది. ఒకరోజు ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, ఆ గుత్తిని అలాగే చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. మర్నాడు చిన్న స్టీలు సబ్బుపెట్టె తెచ్చాడు. దాన్లో దూదిలో చుట్టిన యాంపుళ్ళు, సిరంజిలు. పెట్టెకి బెజ్జం వేసి, సైకిలు స్పోకు వంచి, నా తాళాల గుత్తికి బిగించేశాడు.

"ఇదేంటయ్యా? నా తాళాలకి నీ పెట్టె ఏంటి?" అని అరిచాను.

"నోటికొస్తే సరిపోదు, సార్, చేతికి రావాలి. చెయ్యి మన మాట వినదు. వాళ్ళమ్మ మాట వింటుంది. ఎక్కడికి పరిగెడుతుందో అక్కడే మందు పెడదాం."

అప్పట్నుంచి నేను ఇంటికి తాళం తియ్యాలన్నా సబ్బుపెట్టె గలగలలాడుతూనే ఉండేది.

ఆ సీజను ఆఖర్లో, ఆయన విశాఖ వెళ్ళి మధ్యాహ్నం బస్సుకి దిగాడు. ఆ రోజు ముసలి డాక్టరు ఇంట్లో లేడట, ఎటో పోయాడట. ఆ కబురు పైడమ్మకి చెప్పి, తోలుసంచి పట్టుకునే షెడ్డు వెనక్కి వెళ్ళాడు. కాస్సేపటికి తిరిగొచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే జారి, ఆవిడ గ్లాసులు కడిగిన నీళ్ళు పారబోసే చోట ఒరిగిపోయాడు.

"అదిగో, మల్లీ సచ్చిపోయేడు" అంది పైడమ్మ. "ఒరే సింవాచలం, ఇయ్యేళ నీ పరీచ్చరా."

"టీ తాగేసి లేపుతాన్లే. ఎక్కడికి పోతాడు?"

"గురక కూడా ఎడతన్నాడే! ఇయ్యేళ యాక్టింగు పెంచీసేడు బాబు" అని లారీ క్లీనరొకడు నవ్వాడు. నేను చెయిను బిగిస్తూ తలెత్తి చూసి, మళ్ళీ వంచేశాను. ఎదుట బస్సు హారను కొడుతోంది. గురక వినిపిస్తూనే ఉంది. ఏ గురకని నమ్మొద్దని నెలల తరబడి చెప్పాడో అదే గురక. మేమంతా దాన్ని పాఠమనుకున్నాం.

నూకరాజు బండి కాడి మీద కూర్చుని చెరుకు నములుతున్నాడు. నమలడం ఆపేశాడు.

"టై" అన్నాడు.

"ఏట్రా?"

"టై సూడండ్రా. టై బురదలో వుంది." అప్పటికే లేచి నిలబడ్డాడు. "ఆ బాబు టై బురదలో ఎడతాడేట్రా? యాక్టింగు కాదు. ఒరే, ఇది యాక్టింగు కాదు!"

పైడమ్మ చేతిలో గ్లాసు జారింది. "తాళాలు! బాబాయ్, తాళాలు!" అని నాకు కేక పెట్టింది. నా చెయ్యి అప్పటికే మేకు మీద ఉంది. గుత్తి విసిరాను. పెట్టె దాంతోపాటే వెళ్ళింది.

సింహాచలం ఆయన తల వెనక్కి వంచి, ముక్కు మూసి ఊదాడు. బురద చొక్కా లేచింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ లేచింది. ఆ పెదాలు నేను చూశాను. నేరేడుపండే. నూకరాజు మొదటి యాంపుల్ని వేళ్ళ మధ్యే నలిపేశాడు, రక్తం వచ్చింది. "పోయింది, పోయింది" అని ఏడుస్తూనే రెండోది తీశాడు. గుడ్డ చుట్టి విరిచాడు. ఈసారి సరిగ్గా విరిగింది. సూది తొడలో దిగింది. మేం చూస్తూ నిలబడ్డాం. ఏమీ జరగలేదు. సింహాచలం ఊదుతూనే ఉన్నాడు, వాడి కళ్ళలోంచి నీళ్ళు ఆయన మొహం మీద పడుతున్నాయి. నూకరాజు ఎవరినీ అడగలేదు. ఇంకొకటి విరిచాడు.

ముందు కాలి బొటనవేలు కదిలింది. తర్వాత పెద్ద ఊపిరి, నీళ్ళలోంచి పైకి తేలినవాడి ఊపిరి. ఆ వెంటనే వాంతి. వాంతి మధ్యలో తిట్లు. ఆ తిట్లు ఆయన భాషలో లేవు. "ఏట్రా... నన్నెందుకు లేపేర్రా... సలేస్తందిరా, సచ్చిపోతన్నాన్రా, మీ సేతులిరగా!" అని వణికిపోతూ, ముడుచుకుపోతూ, రోలుగుంట వైపు పల్లెల్లో పశువులు కాసేవాళ్ళు తిట్టినట్టు తిట్టాడు. ఇంగ్లీషు లేదు, గారూ లేదు. ఇన్నాళ్ళూ ఈయన ఏ నగరంలో పుట్టాడో అనుకున్న నాకు, మా పక్క పొలంలోంచే లేచొచ్చాడని అప్పుడు తెలిసింది. మత్తు ఒక్కసారిగా విరిస్తే ఒళ్ళు అలాగే మండుతుందని, తిడతారని, తిట్టినా వదలొద్దని ఆయనే చెప్పాడు కదా. ఎవరూ వదల్లేదు.

తిట్టి తిట్టి, కుడిచేతి వైపు చూసుకున్నాడు. గుప్పిట్లో తాళాల గుత్తి ఉంది. సూది పొడిచేశాక నూకరాజు దాన్ని కూడా పెట్టాడు.

"మందు మందేనండి బాబూ. తాళాలు తాళాలే" అన్నాడు నూకరాజు, తప్పు చేసినవాడిలా.

టై బాబు ఆ గుత్తిని చూసి ఏడ్చిన ఏడుపు ఇక్కడ రాయడం నాకు చేతకాదు.

ఆటోలో వేసి ఆస్పత్రికి తీసుకుపోయారు. "ఇంజెక్షను ఎవరు చేశారు?" అని అక్కడ నర్సమ్మ గద్దిస్తే సింహాచలం "డాక్టరు గారండి" అన్నాడట. "ఏ డాక్టరు?" అంటే, "నూకరాజు డాక్టరు గారండి" అన్నాడట. పాఠంలో చెప్పినట్టే చీకటిపడేదాకా పక్కనుండి కదల్లేదు.

కొన్నాళ్ళ తర్వాత టై బాబు వచ్చి, ఎప్పట్లాగే కొట్టు బయట నిలబడ్డాడు. టై ఉతికాడు కానీ మరక వదల్లేదు. "రా" అన్నాను. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తనే చెప్పాడు. మాట నగరంలో మొదలై, పోనుపోను పల్లెలోకి దిగిపోయింది.

"విశాఖలో లాడ్జిలో ఇద్దరం ఉండేవాళ్ళం, సార్. వాడూ రిప్రజెంటేటివే, వేరే కంపెనీ. ఇద్దరం కలిసే పొడుచుకునేవాళ్ళం. ఒక ఆదివారం వాడు పడిపోయాడు. గురక. నేను చూశాను. నాకు తెలుసు సార్ అదేంటో. నేను అమ్మేదే ఆ మందు. ఈ ఫోల్డరు నాదే. మత్తు డాక్టర్లందరికీ అప్పజెప్పిన పాఠమది. సంచి నిండా శాంపిళ్ళు మంచం కిందే ఉన్నాయి." టై మీది మరకని గోటితో గీరాడు. "నానేటి సేసేనో తెలుసా బాబూ? గదికి తాళం వుంది కదా, ఆ తాళాలు తీసి ఆడి సేతిలో ఎట్టేను. ఎట్టి, గుప్పిట మూసి, ఆడి పక్కన కూకున్నాను. వస్తాడు, వస్తాడు అని. మా యమ్మ అలాగే సేసీది. ఆడి సెయ్యి సల్లబడిపోయినదాకా కూకున్నాను. సంచి గురుతే రానేదు."

చెయిను నూనె నా వేళ్ళకి అలాగే ఉండిపోయింది. మూడో జవాబు అడక్కుండానే దొరికింది. దొరికాక, మొదటి రెండూ అబద్ధాలని కూడా అనిపించలేదు.

వెళ్ళేముందు జేబులోంచి బాల్‌పెన్ను తీసి, షెడ్డు దగ్గర ఎద్దులకి నీళ్ళు పెడుతున్న నూకరాజుని పిలిచాడు. "డాక్టర్ గారూ, చిన్న కాంప్లిమెంటు" అని రెండు చేతులతో అందించాడు. నూకరాజుకి రాయడం రాదు. చొక్కా బొత్తాం పెట్టుకుని, జేబుకి తగిలించుకున్నాడు.

తర్వాత ఆయన రోలుగుంట వైపు అక్కగారింటికి వెళ్ళిపోయాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు జారాడని, లేచాడని విన్నాను. పాఠాలు మాత్రం ఎక్కడున్నా మానలేదట. ఎక్కడ పడిపోయినా జనం తాళాలకి పరిగెడతారు కాబట్టి, వెళ్ళిన ప్రతి చోటా ఎవరిదో ఒక గుత్తికి సబ్బుపెట్టె బిగించేవాడట. పాత పెట్టె ఇప్పటికీ నా గుత్తికే ఉంది. ఖాళీది. తీసెయ్యమని ఇంట్లో అందరూ అంటారు. తియ్యను.

ఇప్పుడీ కబురు. కాలేయం చెడిందట, కామెర్లట, మంచంలోనే పోయాడట. దానికి సూదుల్లేవు, తాళాల్లేవు. నూకరాజు ఆఖరి రెండు రోజులూ అక్కడే ఉన్నాడు. నేను స్పానరు కింద పెట్టి స్టూలు జరిపాను. నూకరాజు కూర్చోలేదు. జేబుకి ఆ పెన్ను అలాగే ఉంది.

"టై కట్టేరా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకు తెలియదు.

"కట్టేరండి. ఆళ్ళ అక్కగారు కట్టించేరు. తిన్నగా గుండె మీదకి ఎట్టేరు" అన్నాడు. తల గీరుకున్నాడు. "అందరూ అటు తిరిగినప్పుడు నాను తీసి ఎడం బుజమ్మీదకి ఏసీసేనండి. అలాగుంటే లెగుస్తాడు కదండీ ఎప్పుడూ."